చెట్లు కోయు ఱంపపు ఇంజను పట్టివేసినపుడు

2018 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీ తెల్లవాఱుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటి, ఉద్దానపు కొబ్బరి తోటలను నేలబెట్టిన సంగతిని మన సభ్యులలో నెవ్వరును మఱచియుండరు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో తాతలనాడు నాటిన చెట్లు కొన్ని గంటలలో కూలినవి. కూలిన చెట్టును గూర్చి దుఃఖించుటకైనను రైతునకు వ్యవధి లేకపోయెను. ఏలయన, కుళ్లుచున్న కొబ్బరి మ్రానులో కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. వానినుండి వెడలిన పిల్లపురుగులు ఆ కుళ్లులోనే పెరిగి, కొన్ని మాసములకు ఱెక్కలు వచ్చినపిమ్మట, నిలిచియున్న చెట్ల మొవ్వులను తొలుచును. కావున కూలిన మ్రానును కోసి తోట వెలుపలికి చేర్చుట, నిలిచిన చెట్టును కాపాడుకొనుటయే యగును.

అంత పనికి గొడ్డలి చాలదు. అందుచేత మనవారు చైన్‌సా యనియు, కోత మిషను అనియు పిలుచు పెట్రోలు ఱంపములు ఆ దినములలో ఊరూరికి వచ్చినవి. క్రొత్తవి కొనలేనివారు ఒకరు వాడి విడిచినవానిని కొనిరి. వానిలో కొన్ని ఇంజను పట్టివేసి మూలబడినవి. అట్టి యంత్రమును మఱల నడపు విధమును, అంతకంటె ముఖ్యముగా, అది పట్టివేయుటకు కారణమును కనుగొను విధమును ఇచట వ్రాయుచున్నాను. కారణము తెలియక పిస్టను మార్చుట, ఎలుక కన్నము పూడ్చక గాదె నింపుట వంటిది.

ఇంజను ఏల పట్టివేయును?

ఈ ఱంపమున కుండునది టూ-స్ట్రోకు ఇంజను. నేటి మోటారు సైకిలు ఇంజనులో నూనెకు వేఱుగా తావు కలదు. ఇందు అట్టిది లేదు. పెట్రోలులో కలిపిన టూ-టీ నూనెయే పిస్టనునకును, బేరింగులకును తడి నిచ్చును. పిస్టను అల్యూమినియముతో చేసినది. సిలిండరును సాధారణముగా అల్యూమినియమే. కాని దాని లోపలి గోడకు నికెలు, సిలికాను కార్బైడు కలిసిన గట్టి పూతగాని, క్రోమియపు పూతగాని వేయబడి యుండును. పిస్టనునకును ఆ గోడకును నడుమనుండు ఎడము ఇంచుమించు తలవెండ్రుక మందము. పూర్తి వేగమున పిస్టను నిమిషమునకు 12,000 పర్యాయములకు పైగా ఎక్కి దిగుచుండును. వేడి మితిమీఱినచో పిస్టను ఉబ్బును, నూనెపొర తెగును, మెత్తని అల్యూమినియము గోడకు ఒరసికొని అంటుకొనును. దీనినే పట్టివేయుట యందురు.

ఇచట గుర్తుంచుకొనవలసిన విషయ మొకటి కలదు. ఈ యింజనునకు ఆహారమును, నూనెయు ఒక్క త్రోవనే వచ్చును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. అదే సమయమున వేడియు పెరుగును. కావున నూనె కలుపకపోవుట యొక్కటియే కారణమని తలపరాదు. పెట్రోలు గొట్టము పగులుట, ట్యాంకులోని జల్లెడ మూసికొనుట, కార్బురేటరు స్క్రూను మితిమీఱి బిగించుట, ఇంజను ఎచటనో అక్కఱలేని గాలిని పీల్చుట, ఇవి యన్నియు తుదకు ఆ ఫలమునే ఇచ్చును.

నేను చేసిన తప్పు

ఈ మాట నేను పుస్తకమునందు చదివియు, సమయమునకు మఱచితిని. మన సభ్యులలో నొకరు తుపానుకు పిమ్మట సంఘములో అప్పు తీసికొని పాత ఱంపము నొకదానిని కొనిరి. వారము దినములలో అది పట్టివేసెను. నన్ను పిలిపింపగా పోయి చూచితిని. త్రాడు లాగిన కదలలేదు. సైలెన్సరు విప్పి చూడగా పిస్టనుపై గీతలు కనబడినవి. "నూనె కలుపక పోసినారు" అని నిలుచున్న పాటుననే చెప్పితిని. ఱంపము నడపిన కూలివాడు, "బాబూ, నేను నూనె కలిపియే పోసితిని. త్రాటిలు విడిచినను ఇంజను కూత తగ్గుట లేదని రెండు దినములక్రిందటనే చెప్పితిని" అని మొఱపెట్టుకొనెను. మేము వినలేదు. అతని కూలి డబ్బు నిలిపివేసి పనినుండి తొలగించిరి. పట్టణములో నొక మేస్త్రి క్రొత్త పిస్టను వేసి యిచ్చెను. ఈసారి యజమాని తానే నూనె కొలిచి కలిపెను. పది దినములు గడువక మునుపే ఇంజను మఱల పట్టివేసెను. కారణ మేమో తుదకు తెలిసినది. దానిని ఆ ఘట్టమున చెప్పెదను.

నిజముగా పట్టివేసినదా?

త్రాడు కదలనంత మాత్రమున ఇంజను పట్టివేసినదని నిశ్చయింపరాదు. మొదట ప్లగ్గు వైరు తీసి, ప్లగ్గును విప్పవలెను. ఇంజనులో పెట్రోలు నిండుటచేతనే త్రాడు కదలకున్న పక్షమున, ప్లగ్గు తీసి మెల్లగా లాగినప్పుడు అది బయటికి చిమ్మును, ఇంజను తిరుగును. ఆ పని చేయునపుడు చుట్ట, బీడీ దరిదాపుల నుండరాదు. అప్పటికిని కదలనిచో త్రాడు చక్రముండు మూతను విప్పి వేఱుగా లాగి చూడవలెను. స్ప్రింగు విఱిగియో, త్రాడు చిక్కుపడియో చక్రమే పట్టుకొని యుండవచ్చును. పిమ్మట బారును, చైనును తీసివేసి, చైను బ్రేకును విడిచి చూడవలెను. క్లచ్చు స్ప్రింగు విఱిగి డ్రమ్ములో ఇఱుకుకొన్నను ఇంజను తిరుగదు. ఈ మూడును కాకున్నపుడే పిస్టనునో, బేరింగునో అనుమానింపవలెను.

వానలో తడిసి మూలబడిన యంత్రము తుప్పుచేతను పట్టివేయును. అట్టిదానికి ప్లగ్గు రంధ్రమున డీజిలును, ఇంజను నూనెయు సమముగా కలిపి రెండు చెంచాలు పోసి, ఒకటి రెండు దినములు ఊఱనిచ్చి, మాగ్నెట్టు చక్రపు నట్టును పానాతో పట్టి మెల్లగా ముందునకు వెనుకకు కదల్పవలెను. సుత్తితో కొట్టరాదు. త్రాటికి వ్రేలాడి లాగరాదు. తిరిగినంతనే సంతసించి నడపనూ రాదు. విప్పి బేరింగులను చూచిన పిదపనే నడపవలెను.

పిస్టనుపై గుఱుతులు

సైలెన్సరును విప్పినచో సిలిండరు కిటికీగుండ పిస్టను ప్రక్కభాగము కనబడును. ఇటులనే కార్బురేటరు వైపు విప్పి రెండవ ప్రక్కను చూడవలెను. నేను చేయక విడిచినది ఈ రెండవ పనియే.

పిస్టనుకు చుట్టును లోతైన గీతలుండి, లోపల నంతయు పొడిగా నున్నచో నూనె కలుపని పెట్రోలు పోసినారని తలపవచ్చును. సైలెన్సరు వైపున మాత్రమే గీతలుండి, కార్బురేటరు వైపున నునుపుగను, కడ్డీయు బేరింగును నూనెతడితోను ఉన్నచో, నూనె కలిసియే యున్నది. కాని పెట్రోలు చాలలేదు, లేదా గాలి ఎక్కువైనది. కార్బురేటరు వైపున కాంతి లేని సన్నని అరుగుదల యున్నచో ధూళి లోపలికి పోయినది. గాలి జల్లెడ చినిగినదేమో చూడవలెను. పిస్టను తలపై చిన్న చిన్న గుంటలున్నచో లోపల ఏదియో విఱిగి నలిగినదని గాని, పెట్రోలు అకాలమున ప్రేలినదని గాని గ్రహింపవలెను.

డబ్బాలో మిగిలిన పెట్రోలును పరీక్షించుట ఇంకను సులభము. తెల్లని కాగితముపై ఒక చుక్క వేసి ఆఱనిండు. పెట్రోలు ఆవిరియై పోవును. నూనె కలిసియున్నచో జిడ్డు మఱక నిలుచును. ఈ పరీక్షకు కానియైన ఖర్చు లేదు. ఆ దినమున నేను దీనిని చేసియుండినచో ఒక నిరపరాధి కూలి పోయియుండదు.

విప్పుట, శుభ్రపఱచుట

గాలి జల్లెడ, కార్బురేటరు, సైలెన్సరు తీసిన పిమ్మట సిలిండరును పట్టియుంచు నాలుగు బోల్టులు కనబడును. వానిని విప్పి సిలిండరును నిట్టనిలువుగా పైకి తీయవలెను. వెంటనే క్రింది గదిలో శుభ్రమైన గుడ్డను క్రుక్కవలెను. అందు పడిన చిన్న లాకు ముక్కయైనను బేరింగును చెఱచును. గజన్ పిన్నుకు ఇరుప్రక్కల నుండు లాకులను తీసి, పిన్నును నెట్టి, పిస్టనును వేఱుచేయవలెను. ఇపుడు కడ్డీని పట్టి మీదికి క్రిందికి కదల్చి చూడుడు. ప్రక్కలకు కొంచెము జరుగుట సహజము. మీదికి క్రిందికి ఏమాత్రము ఆడరాదు. ఆడినను, తిప్పినపుడు ఇసుక నలిగినట్లు చప్పుడైనను క్రాంకు చెడినది. అపుడు మరమ్మతు ఖర్చు క్రొత్తయంత్రపు వెలలో సగమును మించునేమో లెక్కచూచుకొని, మించినచో మానుట మేలు.

సిలిండరు గోడపై వెండివలె మెఱయు చారలు తఱచుగా గోడకు తగిలిన గాయములు కావు. పిస్టనునుండి వచ్చి అంటుకొన్న అల్యూమినియము. దానిని అంగడిలో దొరకు మురియాటిక్ యాసిడ్‌తో కరగింపవచ్చును. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు పెట్టుకొని, ఆరుబయట గాలి వచ్చుచోట, దూది చుట్టిన పుల్లతో ఆ చారలపై మాత్రమే అద్దవలెను. బుసబుస పొంగును. పొంగు ఆగినపుడు అల్యూమినియము పోయినదని యర్థము. ఎంతసేపటికిని ఆగకున్నచో పైపూత పోయి లోపలి లోహమే కరగుచున్నదని తెలిసికొని వెంటనే నీటితో కడిగివేయవలెను. కిటికీల అంచులకును, సిలిండరు వెలుపలికిని యాసిడ్ తగులనీయరాదు. పని ముగిసిన పిదప నీటితోను, సబ్బుతోను కడిగి, ఆఱబెట్టి, 400 నంబరు ఎమరీ కాగితముతో అడ్డదిడ్డముగా తేలికగా రుద్ది, మఱల కడిగి, నూనె పూయవలెను. వేలిగోరు గోడపై జాఱి పోవలెను. ఎచటనైన తట్టుకొన్నను, పూత పెచ్చులుగా లేచినను సిలిండరు పనికిరాదు. పూతగల సిలిండరును పాత ఇనుప బోరువలె బోరింగు చేయింపరాదు.

కారణమును వెదకుట

క్రొత్త పిస్టనును చేతపట్టుకొనకముందే ఈ పనిని ముగింపవలెను. పెట్రోలు గొట్టమును వంచి చూచి, పగుళ్లున్నచో మార్చవలెను. ట్యాంకులోని జల్లెడను మార్చవలెను. కార్బురేటరునకును సిలిండరునకును నడుమనుండు రబ్బరు మెడను విప్పి, వ్రేళ్లతో సాగదీసి వెలుతురులో చూడవలెను. క్రాంకు ఇరుప్రక్కల నుండు రబ్బరు సీళ్లను చూడవలెను. ఇందుకు క్లచ్చును విప్పవలసి వచ్చినచో, పెక్కు ఱంపములలో దాని మఱ ఎదురుమఱ యని గుర్తుంచుకొనుడు. కుడివైపునకు త్రిప్పినచో వదులగును.

మన సభ్యుని యంత్రమును రెండవసారి విప్పినపుడు పిస్టను సైలెన్సరు వైపున మాత్రమే గీచుకొని పోయియున్నది. రెండవవైపు అద్దమువలె నున్నది. కడ్డీ నూనెతో తడిసియున్నది. రబ్బరు మెడను సాగదీయగా దాని అడుగుభాగమున వ్రేలిగోరంత చీలిక కనబడెను. సాగదీయనపుడు అది మూసికొని యుండుటచే ఎవ్వరికిని కానరాలేదు. ఇంజను అదరినపుడు తెఱచికొని గాలిని పీల్చుచుండెను. త్రాటిలు విడిచినను వేగము వెంటనే తగ్గకుండుట ఇట్టి గాలిచీలికకు ముఖ్యమైన లక్షణము. కూలివాడు మొదటనే చెప్పినది అదియే. ఆ రబ్బరు వెల, వ్యర్థమైన రెండు పిస్టనుల వెలయెదుట లెక్కింపదగినది కాదు.

సదుపాయమున్న చోట ఇంకొక పరీక్ష కలదు. సైలెన్సరు, కార్బురేటరు దారులను రబ్బరు బిళ్లలతో మూసి, ప్లగ్గు బిగించి, క్రాంకు గదినుండి కార్బురేటరునకు పోవు సన్నని దారిగుండ గడియారము గల చేతి పంపుతో అర బారు మించకుండ గాలి యెక్కించి, కీళ్లపై సబ్బునీరు పూయవలెను. బుడగ లేచినచోట చీలిక కలదు. కొన్ని సీళ్లు లోపలికి మాత్రమే గాలిని విడుచును గనుక గాలిని పీల్చియు చూడవలెను.

పెట్రోలు విషయమున నొక మాట. నేడు మన దేశమున అమ్మబడు పెట్రోలులో 20 శాతము వఱకు ఇథనాలు, అనగా ఆల్కహాలు కలిసియుండును. ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. తగినంత నీరు చేరినపుడు ఆ ఆల్కహాలు నీటితో కూడి అడుగునకు దిగును. నూనె పైనున్న పెట్రోలులోనే నిలిచిపోవును. ట్యాంకు అడుగున నుండు గొట్టము నూనె లేని ఆ నీటినే మొదట పీల్చును. కావున నూనె సరిగా కలిపినను, నిలువయుంచిన పెట్రోలు ఇంజనును చంపగలదు. నెల దినములకు మించిన మిశ్రమమును ఱంపములో పోయకుడు. పని ముగిసి ఱంపమును మూలబెట్టునపుడు ట్యాంకును ఖాళీ చేసి, మిగిలినది అయిపోవునంత వఱకు నడపి ఆపుడు.

మఱల కూర్చుట

పిస్టను తలపైనున్న బాణపు గుఱుతు సైలెన్సరు వైపునకు ఉండవలెను. రింగుల కొనలు గాడిలోని చిన్న మేకుల కిరుప్రక్కల కుదురవలెను. లాకులు క్రొత్తవియే వేయవలెను. పిస్టనునకును, సిలిండరునకును టూ-టీ నూనె పూసి, రింగులను వ్రేళ్లతో అదిమి, సిలిండరును త్రిప్పక నిట్టనిలువుగా దింపవలెను. త్రిప్పినచో రింగు కొన కిటికీలో తగుల్కొని విఱుగును. క్రింది ప్యాకింగు క్రొత్తది వేసి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగింపవలెను.

సాధారణముగా లీటరు పెట్రోలునకు 20 మిల్లీలీటర్ల మంచి టూ-టీ నూనె, అనగా 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు కలుపవలెను. లీటరునకు 40 మిల్లీలీటర్లు కోరు యంత్రములును కలవు. మీ యంత్రముతో వచ్చిన పుస్తకము ననుసరింపుడు. మొదటి రెండు ట్యాంకుల పెట్రోలు అగువఱకు ఇంజనును ఊరక పూర్తివేగమున కూయింపరాదు. పూర్తి త్రాటిలులో కోత లేనపుడు కొంచెము గురగురలాడి, కోతలో పడినపుడు ధ్వని తేటపడుట మంచి లక్షణము. సన్నగా కీచుమనుచు కూయుచున్నచో పెట్రోలు చాలుట లేదు, వెంటనే ఆపవలెను. కొన్ని గంటలు నడపిన పిదప ప్లగ్గును తీసి చూడుడు. లేత గోధుమవన్నె మంచిది. సున్నమువలె తెల్లనిది అపాయసూచకము.

కొబ్బరి మ్రాను వెలుపలి భాగము మిక్కిలి గట్టిది. దానికి ఇసుక అంటియున్నచో చైను పదును త్వరగా పోవును. మొద్దువాఱిన చైను పొట్టు రాల్పక పిండి రాల్చును, నడపువాడు అదిమి పట్టును, ఇంజను కాగును. ఆ పిండియే గాలి జల్లెడను, సిలిండరు ఱెక్కలను కప్పివేయును. కావున పిండి రాలినంతనే ఆకురాయి పట్టవలెను. సాయంకాలము ఱెక్కలను కుంచెతో తుడువవలెను.

పాతది కొనువారికి

ఇంజను చల్లగా నున్నపుడు త్రాటి పిడిని పట్టి ఱంపమును నేలనుండి పై కెత్తుడు. గాలి బిగువు గల యంత్రము ఆగి ఆగి మెల్లగా దిగును. బిగువు లేనిది జఱ్ఱున జాఱును. సైలెన్సరు విప్పి పిస్టనును చూడనీయని వానివద్ద కొనకుడు.

మన సభ్యుని ఱంపము క్రొత్త రబ్బరు మెడతోను, మూడవ పిస్టనుతోను చక్కగా నడచినది. కాని అప్పటికే తొలకరి వచ్చెను. మ్రానులను చీల్చినపుడు వానిలో తెల్లని పిల్లపురుగులు పిడికిళ్లకొలది కనబడినవి. ఆ తోటలో నిలిచిన చెట్ల ఆకులు మఱుసటి సంవత్సరము కత్తిరించినట్లు విచ్చుకొన్నవి. యజమానియు నేనును ఆ కూలివాని యింటికి పోయి, "తప్పు మాది నాయనా" అని చెప్పి, నిలిపిన కూలిని ఇచ్చివచ్చితిమి. నేడు ఆ ఱంపమును నడపువాడు అతడే.

సంఘమువారు టూ-టీ నూనె కొలుచు పాత్ర నొకటి, తేదీ వ్రాసిన మిశ్రమపు డబ్బా నొకటి కార్యాలయమునందు ఉంచుదురేని సభ్యులకు మేలగును. యంత్రము చెడినపుడు దానిని విప్పుటకు ముందు, దానిని నడపినవాని మాటను వినుడు. ఇంజను ధ్వనిని దినమంతయు విన్నవాడు అతడే.

— వ్యవసాయ ప్రదర్శకుడు